జ్వరం ముందా, మందు ముందా?

సంపాదకులకు నమస్కారం.

జ్వరంతో వచ్చే దద్దుర్ల గురించి ఈ మధ్య మీ ఆరోగ్య పేజీలో వేసిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. పిల్లల వార్డు నుంచి, జ్వరాల వార్డు నుంచి నన్ను ఎప్పుడు పిలిపించినా చాలావరకు ఒకే ప్రశ్న కోసం: ఒంటి మీద లేచిన ఈ ఎర్రటి మచ్చలు వైరస్ వల్ల వచ్చాయా, వేసుకున్న మందు వల్ల వచ్చాయా? ఆ ప్రశ్నను పాఠకుల ముందు పెట్టినందుకు మీ వ్యాసకర్తను మెచ్చుకుంటాను. జవాబుగా ఇచ్చిన సూత్రాన్ని మాత్రం ఒప్పుకోలేను. "దురద ఉంటే మందు పడనట్టు, దురద లేకపోతే వైరస్" అని పెద్ద అక్షరాల్లో వేశారు. గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉన్నందువల్లే అది ఎక్కువ ప్రమాదం.

ఆటలమ్మ వైరస్ జబ్బే, పిల్లలను నిద్రపోనివ్వనంత దురద పెడుతుంది. జలుబు చేసిన పిల్లలకు ఒళ్లంతా ఉబ్బుగా లేచే దద్దుర్లకు కూడా చాలాసార్లు కారణం వైరసే, అవీ దురదే. మరోవైపు మందు వల్ల వచ్చే దద్దుల్లో కొన్ని పెద్దగా దురద పెట్టవు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, మందుల వల్ల వచ్చే ప్రాణాంతకమైన చర్మవ్యాధిలో మొదట ఉండేది దురద కాదు, నొప్పి. చర్మం కాలినట్టు మండుతుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. మీ సూత్రం నమ్మిన ఇంట్లో అలాంటి రోగి ఉంటే, "దురద లేదుగా, వైరసే" అనుకుని అదే మాత్ర మరో రెండు రోజులు వేస్తారు. ఆ రెండు రోజులు చాలా ఖరీదైనవి.

చర్మం చేయగలిగిన పనులు కొన్నే: ఎర్రబడటం, ఉబ్బడం, పొక్కడం, లోపల రక్తం చిమ్మడం, పొరలుగా ఊడటం. కారణాలు వందల్లో ఉన్నా కంటికి కనిపించేది ఈ కొద్దిపాటే. అందుకే మచ్చ రూపాన్ని చూసి మాత్రమే తేల్చడం అనుభవం ఉన్న వైద్యులకు కూడా కష్టం. చర్మం ముక్క తీసి పరీక్షకు పంపినా వైరస్ దద్దుకూ మందు దద్దుకూ తేడా చాలాసార్లు స్పష్టంగా కనిపించదు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరిగితే మందు మీద అనుమానం బలపడుతుంది, పెరగకపోతే మందు తప్పు లేదని చెప్పలేం. కాబట్టి నేను మంచం దగ్గరకు వెళ్లగానే మచ్చ చూడటం కంటే ముందు అడిగేది వేరు. జ్వరం ముందు వచ్చిందా, మందు ముందు వేశారా? ఏ తేదీన?

ఎందుకు అడుగుతానో ఒక పసిబిడ్డ జబ్బుతో చెబుతాను. దీన్ని రోజియోలా అంటారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. హెర్పిస్ కుటుంబంలోని ఆరో రకం వైరస్ దీనికి ప్రధాన కారణమని 1988లో తేలింది. రెండు మూడేళ్లు వచ్చేలోపు దాదాపు పిల్లలందరికీ ఆ వైరస్ సోకుతుంది, వారిలో కొందరికే దద్దు వస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు జ్వరం మండిపోతుంది. బిడ్డ మాత్రం జ్వరం దిగిన కాసేపు ఆడుకుంటూనే ఉంటుంది. రెండో రోజో మూడో రోజో కంగారుపడి యాంటీబయాటిక్ సిరప్ మొదలుపెడతారు. ఆ తర్వాత ఒక ఉదయం జ్వరం పూర్తిగా దిగిపోతుంది, అదే పూట పొట్ట మీద, వీపు మీద గులాబీ రంగు చుక్కలు తేలుతాయి. తల్లికి కనిపించే వరుస ఏమిటి? జ్వరం వచ్చింది, మందు వేశాం, జ్వరం తగ్గింది, దద్దు వచ్చింది. "మందు బాగా పనిచేసింది కానీ పిల్లకు పడలేదు" అనే మాట ఆ ఇంట్లో స్థిరపడిపోతుంది. నిజానికి జ్వరం తగ్గించిందీ ఆ మందు కాదు, దద్దు తెప్పించిందీ ఆ మందు కాదు. రెండూ వైరస్ తన గడువు ప్రకారం చేసిన పనులు. జ్వరం దిగాక దద్దు రావడమే ఆ జబ్బు గుర్తు.

మందు దద్దుకు దాని గడువు దానికి ఉంది. ఒంటికి కొత్తదైన మందు మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో మామూలు రకం మందు దద్దు వస్తుంది. ముందు ఎప్పుడో ఆ మందుతో దద్దు వచ్చి ఉంటే, ఈసారి ఒకటి నుంచి మూడు రోజుల్లోనే లేవవచ్చు. కోర్సు ముగిసి, సీసా పారేసిన ఒకటి రెండు రోజులకు కూడా రావచ్చు. ఇది చాలామందికి తెలియదు, "మందు ఆపేశాంగా, అది ఎలా అవుతుంది?" అని నాతో వాదిస్తారు. ఈ దద్దు సాధారణంగా ఛాతీ, వీపు, పొట్ట మీద మొదలై రెండు వైపులా సమానంగా చేతులకు, కాళ్లకు దిగుతుంది. మందు ఆపినా రెండు మూడు రోజులు పెరగవచ్చు. ఒకటి రెండు వారాల్లో పొట్టు రాలి మానిపోతుంది. మందు వేసిన నిమిషాల నుంచి గంట రెండు గంటల్లోపు ఉబ్బుగా దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం వేరే సంగతి. అది తక్షణ అలర్జీ, అక్కడ తేదీలు లెక్కపెట్టే వ్యవధి ఉండదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగబడిన సంగతి చెప్పాలి, నా ఉత్తరానికి అసలు కారణం ఇదే. కొంతకాలం కిందట ఒక నడివయసు స్త్రీని జ్వరంతో, ముఖం వాపుతో, ఒళ్లంతా ఎర్రటి దద్దుతో తీసుకొచ్చారు. ఏ మందులు వాడారని అడిగితే ఇంటివారు పారాసెటమాల్ మాత్రలు, దగ్గు సిరప్ సీసా తీసి బల్ల మీద పెట్టారు. ఈ రెండింట్లో ఏది పడలేదో చెప్పమన్నారు. మెడ తడిమితే లింఫు గ్రంథులు వాచి చేతికి తగులుతున్నాయి. ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగాను, ఏమీ లేవన్నారు. ప్రశ్న మార్చి, "ఒంట్లో బాగున్నప్పుడు కూడా రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉందా?" అన్నాను. అప్పుడు కొడుకు సంచి అడుగు నుంచి ఒక మాత్రల అట్ట తీశాడు. ఫినైటాయిన్, మూర్ఛకు ఇచ్చేది. దాదాపు నెల కిందట మొదలుపెట్టారట. "అది రోజూ వేసేదే కదండీ, మందుల్లోకి రాదనుకున్నాం" అన్నాడు. ఆ మాట నేను తరచూ వింటాను. బీపీ మాత్ర, కీళ్లవాపు మాత్ర, మూర్ఛ మాత్ర ఇంట్లో ఒక అలవాటుగా కలిసిపోతాయి, జబ్బుకు తెచ్చిందే మందుగా లెక్కలోకి వస్తుంది.

ఆమెకు వచ్చింది డ్రెస్ అని వైద్యులు పిలిచే తీవ్రమైన మందు ప్రతిచర్య. ఇది మందు మొదలైన రెండు నుంచి ఆరు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. చాలామందిలో మొదట వచ్చేది జ్వరమే. ఆ జ్వరానికి పారాసెటమాల్ వేస్తారు, ఆ వెంటనే దద్దు వస్తుంది, నింద పారాసెటమాల్ మీద పడుతుంది. అసలు దోషి మాత్రం పొద్దునా రాత్రీ కడుపులోకి వెళ్తూనే ఉంటుంది. ఈలోగా కాలేయం దెబ్బతింటుంది. మూర్ఛకే ఇచ్చే కార్బమజెపైన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు కూడా ఇలాంటి ప్రతిచర్య తెప్పించగలవు. ఫినైటాయిన్ పడని వారికి కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ అనే మరో మూర్ఛ మందు కూడా పడకపోయే అవకాశం ఎక్కువ కాబట్టి ఒక మందు బదులు వాటిలో మరొకటి రాయడం ప్రమాదం. ఈ జబ్బులోని వింత ఏమిటంటే, పసితనంలో రోజియోలా తెప్పించి శరీరంలో నిద్రపోతున్న ఆ ఆరో రకం వైరసే చాలామంది డ్రెస్ రోగుల్లో మళ్లీ మేలుకుంటుంది. మందూ వైరసూ రెండు వేర్వేరు గదుల్లో కూర్చోవని దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండూ కలిసి దద్దు తెప్పించే సందర్భం ఇంకొకటి ఉంది. యుక్తవయసు పిల్లలకు ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల గొంతునొప్పి, మెడలో బిళ్లలు, విపరీతమైన నీరసం వస్తాయి. గొంతులో తెల్లటి పొర చూసి పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్‌లైన అమాక్సిసిలినో ఆంపిసిలినో ఇస్తే కొద్ది రోజుల్లో ఒళ్లంతా ఎర్రగా దద్దు లేస్తుంది. 1960ల నాటి పరిశీలనల్లో ఇలా ఆంపిసిలిన్ ఇచ్చిన వారిలో అత్యధికులకు దద్దు వచ్చినట్టు నమోదైంది, తర్వాతి కాలపు పరిశీలనల్లో ఆ నిష్పత్తి చాలా తగ్గింది. మందు లేకుంటే ఆ స్థాయి దద్దు వచ్చేది కాదు, వైరస్ లేకుంటే ఆ మందు ఏమీ చేసేది కాదు. ఆ పిల్లల్లో ఎక్కువమంది కోలుకున్నాక అదే మందును ఇబ్బంది లేకుండా తీసుకోగలరు.

"సరే, అనుమానం ఉంటే అలర్జీ అని రాసేస్తే పోలా? జాగ్రత్తే కదా" అని మీ పాఠకులు అనుకోవచ్చు. నా సహవైద్యులు కొందరు కూడా అలాగే అనుకుంటారు. నేను ఒప్పుకోను. చీటీ మీద ఒకసారి పెన్సిలిన్ అలర్జీ అని ఎక్కితే అది జీవితాంతం వెంట వస్తుంది. అమెరికాలో ప్రతి 10 మందిలో ఒకరికి ఈ ముద్ర ఉంది, వారిని సరిగా పరీక్షిస్తే 10 మందిలో 9 మందికి పైగా పెన్సిలిన్ తట్టుకుంటారు. కెనడాలోని మాంట్రియల్‌లో అమాక్సిసిలిన్ పడదని అనుమానించిన 818 మంది పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో ఆ మందే ఇచ్చి చూసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. 94 శాతం మందికి ఏమీ కాలేదు. ఇలాంటి పిల్లవాడు పెద్దయ్యాక న్యుమోనియాతోనో శస్త్రచికిత్సకో వస్తే, సూటిగా పనిచేసే మామూలు మందు పక్కనపెట్టి, అన్ని రకాల క్రిములనూ చావగొట్టే బలమైన మందులు ఇవ్వాల్సి వస్తుంది. మొండి క్రిములు తయారయ్యేది అలాగే. అయితే ఒక హెచ్చరిక కూడా వేయాలి. "పడుతుందేమో చూద్దాం" అని ఇంట్లో మళ్లీ వేసి చూడటం ఎవరూ చేయకూడదు. నోరు పుండ్లుపడి, చర్మం ఊడిన వారికి, డ్రెస్ వచ్చిన వారికి ఆ మందు ఆసుపత్రిలో కూడా మళ్లీ ఇచ్చి చూడరు.

పొరపాటు రెండో వైపు జరిగితే నష్టం రోగితో ఆగదు. తట్టును మందు దద్దుగా పొరబడితే ఏమవుతుందో చూడండి. తట్టులో మూడు నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి వెలుగు చూడలేకపోవడం ముందు వస్తాయి. బుగ్గల లోపల ఎర్రటి పొర మీద ఉప్పురవ్వలంత తెల్లటి చుక్కలు కనిపించవచ్చు. తర్వాత చెవుల వెనక, నుదుటి జుట్టు అంచున దద్దు మొదలై ముఖం మీదికి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చిన నాలుగు రోజుల వరకు ఆ బిడ్డ నుంచి ఇతరులకు అంటుతుంది. బిడ్డ వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గది గాలిలో వైరస్ ఉండగలదు. "దగ్గు మందు పడలేదు" అనుకుని ఆ పిల్లవాడిని జనం మధ్య కూర్చోబెడితే, టీకా వయసు రాని పసికందులకు అంటించినట్టే. రుబెల్లా ఇంకా తేలికగా కనిపిస్తుంది: సన్నటి దద్దు, చెవుల వెనక, మెడ వెనక బిళ్లలు, మూడు రోజుల్లో మాయం. కానీ నెల తప్పిన తొలి నెలల్లో తల్లికి సోకితే కడుపులోని బిడ్డ కళ్లు, చెవులు, గుండె దెబ్బతింటాయి. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లో ఒళ్లంతా ఎర్రబడి మధ్యమధ్యన మామూలు చర్మం తెల్లటి దీవుల్లా మిగులుతుంది. సరిగ్గా అవే రోజుల్లో రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, దద్దును చూసి "మాత్ర వేడి చేసింది" అని ఊరుకోవడం పనికిరాదు.

చిన్నదే అయినా నన్ను తరచూ కలచివేసే మరో సంగతి. పెదవి మీదో మర్మావయవాల మీదో పదేపదే ఒకేచోట పుండు పడితే అందరూ లైంగికంగా కూడా అంటుకునే హెర్పిస్ అనుకుంటారు. భార్యాభర్తల మధ్య అనుమానాలు రేగుతాయి. వారిలో కొందరికి ఉన్నది మందు వల్ల వచ్చే స్థిరమచ్చ. నొప్పికో విరేచనాలకో ఎప్పుడో ఒకసారి వేసుకునే మాత్రకు, వేసుకున్న ప్రతిసారీ అదే చోట ఊదారంగు మచ్చ లేస్తుంది, మానాక నల్లటి గుర్తు మిగులుతుంది. హెర్పిస్‌లో గుంపుగా నీటిపొక్కులు లేస్తాయి, మానాక అంత నల్లటి గుర్తు సాధారణంగా ఉండదు. ఆ మాత్ర పేరు పట్టుకోగలిగితే ఆ ఇంట్లో గొడవ తీరుతుంది.

ఇక ఏమాత్రం ఆగకూడని గుర్తులు. చర్మం నొప్పి పెట్టడం, నోట్లో, కళ్లలో, మూత్రద్వారం దగ్గర పుండ్లు, పొక్కులు లేవడం, వేలితో రుద్దితే పై పొర జారిపోవడం, ముఖం వాపు, ఆయాసం, మగత. స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు 1922లో ఇద్దరు మగపిల్లల్లో నోరు, కళ్లు పుండ్లుపడిన జబ్బును వర్ణించినప్పుడు దాన్ని ఒక కొత్త రకం దద్దు జ్వరంగానే భావించారు. ఈనాడు అందులో అధిక భాగం మందుల వల్లే వస్తుందని తెలుసు, పిల్లల్లో కొందరికి మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల కూడా ఇలాంటిదే వస్తుంది. మందు మొదలైన నాలుగు నుంచి ఇరవై ఎనిమిది రోజుల్లో ఇది తలెత్తుతుంది. చర్మం 30 శాతానికి మించి ఊడిన వారిలో సుమారు ముగ్గురిలో ఒకరు చనిపోతారు. అనుమానం ఉన్న మందును ఎంత తొందరగా ఆపితే అంత మంచిది. మూర్ఛ మాత్ర అయితే హఠాత్తుగా ఆపినా ఫిట్స్ రావచ్చు కాబట్టి రోగిని అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అక్కడ బదులు మందు ఇస్తారు. ఇంకొక గుర్తు మందుకూ మామూలు వైరస్‌కూ సంబంధించింది కాదు: జ్వరంతో ఎర్రటి లేదా ఊదా చుక్కలు వచ్చి, వాటి మీద గాజు గ్లాసు అదిమి చూసినా రంగు పోకపోతే, రక్తంలో బాక్టీరియా పాకి ఉండవచ్చు. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

మీరు వేసిన బొమ్మల గురించి కూడా చెప్పాలి. నాలుగు ఫొటోల్లోనూ పాలతెలుపు చర్మం మీద గులాబీ చుక్కలే. చామనచాయ, నలుపు చర్మం మీద దద్దు అలా కనిపించదు. ఊదాగానో, ముదురు గోధుమగానో, ఒక్కోసారి రంగు తేడా ఏమీ లేకుండా చిన్న చిన్న గరుకుగానో ఉంటుంది. నేను వేళ్ల వెనుక భాగంతో వీపు నిమిరి చూస్తాను, దీపం పక్క నుంచి పట్టి చూస్తాను. అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి వైపు, అంగిలి చూస్తాను, రంగు మార్పు అక్కడ ముందు తెలుస్తుంది. "మా అమ్మాయికి ఆ ఫొటోలోలా ఎర్రగా లేదు" అని ఒక తల్లి ఆలస్యం చేస్తే ఆ తప్పు ఆమెది కాదు.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. దురద సూత్రాన్ని సవరిస్తూ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ఒక మాట వేయండి. రెండోది, కత్తిరించి దాచుకునేలా ఒక చిన్న పెట్టె ముద్రించండి. జ్వరం మొదలైన తేదీ, దద్దు మొదలైన తేదీ, అది ముందు ఎక్కడ లేచిందో రాసుకోవడానికి అందులో చోటుండాలి. గత రెండు నెలల్లో నోటి ద్వారా, సూదిగా, చుక్కలుగా, పూతగా వాడిన ప్రతి మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాసుకునే గడులుండాలి. రోజూ వేసుకునే మాత్రలు, ఆకుమందులు, చూర్ణాలు, ఎవరో ఇచ్చిన మాత్రలు కూడా ఇందులోకే వస్తాయని పైన స్పష్టంగా రాయండి. మాత్రల అట్టను పేరు ఉన్న వైపు నుంచి కాక అటు చివర నుంచి కత్తిరించమని, దద్దు ఫొటోను పగటి వెలుతురులో మొదటి రోజే తీసి ఉంచమని కింద ఒక వాక్యం చేర్చండి. పెట్టెలోని అంశాలు మీరు అడిగిన వెంటనే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక చర్మవ్యాధుల వైద్యురాలు